ఒడిశా సరిహద్దు జిల్లాల నుంచి విమాన ప్రయాణం: దూరాన్ని, సమయాన్ని సరిగ్గా లెక్కకట్టే విధానం

బరంపురం నుంచి హైదరాబాదుకు విమానంలో ఎంతసేపు పడుతుందని వెతికితే, కొన్ని చోట్ల "710 కి.మీ., దాదాపు ఒక గంట" అనే జవాబు కనిపిస్తుంది. రెండు ఊళ్లను పటం మీద తిన్నని గీతతో కలిపితే వచ్చే దూరం అంతే కనుక 710 అన్న సంఖ్య సరైనదే. అయితే బరంపురంలో ఉన్నది రంగైలుండా ఎయిర్‌స్ట్రిప్ మాత్రమే; పెద్ద జెట్ విమానాలు దిగే విమానాశ్రయం అక్కడ లేదు. కాబట్టి ఆ గంట ఎవరి ప్రయాణానికీ పనికిరాదు. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు కుటుంబాలు పెద్ద విమానం ఎక్కాలంటే ముందుగా భువనేశ్వర్‌కో విశాఖపట్నానికో చేరుకోవాలి. అసలు సమయం అక్కడే ఖర్చవుతుంది. అందుచేత ఇక్కడ విమానం ఎగిరే కాలంతో పాటు, ఇంటి గడప దాటినప్పటి నుంచి చేరవలసిన ఇంటి గడప తొక్కేవరకు పట్టే కాలాన్ని కూడా ఎలా లెక్కకట్టాలో వరుసగా వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: ఊరిని కాక విమానాశ్రయాన్ని ఎంచుకోవడం

ప్రతి విమానాశ్రయానికి మూడక్షరాల సంకేతం ఉంటుంది. మన ప్రాంతానికి ముఖ్యమైనవి భువనేశ్వర్ (బీబీఐ), విశాఖపట్నం (వీటీజెడ్), జయపురం (పీవైబీ). శంషాబాదుది హెచ్‌వైడీ. వెతికే పెట్టెలో ఊరి పేరుకు బదులు ఈ సంకేతాన్ని ఇవ్వడం మంచిది. కోరాపుట్ జిల్లా జయపురాన్ని ఇంగ్లీషు అక్షరాలలో కొట్టబోతే రాజస్థాన్‌లోని జైపూర్ తగులుతుంది. బరంపురం అంటే పశ్చిమ బెంగాల్‌లో ముర్షిదాబాద్ జిల్లా కేంద్రం వచ్చి కూర్చుంటుంది. రాయగడ కాస్తా ఛత్తీస్‌గఢ్‌లోని రాయగఢ్ అవుతుంది. పటం మీద చూపిన చుక్క ఏ రాష్ట్రంలో ఉందో చూడకుండా దూరాన్ని నమ్మకూడదు. రైలు టికెట్టుకైతే స్టేషను సంకేతం ఇవ్వాలి, బరంపురానిది బీఏఎం.

విశాఖ విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ఇప్పటి విమానాశ్రయం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగాతో కలిసి ఉన్నది. విశాఖ రాకపోకల కోసమే తలపెట్టిన కొత్త విమానాశ్రయం భోగాపురం దగ్గర, నగరానికి సుమారు 45 కి.మీ. ఈవల, అంటే శ్రీకాకుళం వైపు ఉంది. మీ టికెట్టు మీద ఈ రెండింటిలో ఏది రాసి ఉందో చూసుకున్న తరువాతే మిగతా లెక్క మొదలుపెట్టాలి. భోగాపురం నుంచి అయితే హైదరాబాదుకు గగనమార్గం 35 కి.మీ. మేర పెరుగుతుంది, అంటే రెండు మూడు నిమిషాలు ఎక్కువ; పర్లాకిమిడి, ఇచ్ఛాపురం, బరంపురం వైపు నుంచి వచ్చేవారికి మాత్రం రోడ్డు మీద దాదాపు గంట మిగులుతుంది. విశాఖ నగరవాసులు దూరమైపోయిందని వాపోవచ్చు గానీ, మనకు అది లాభమే.

రెండవ మెట్టు: గగనదూరాన్ని స్వయంగా కట్టడం

ఫోనులోని పటం మీద ఒక చోట వేలిని నొక్కి ఉంచితే ఆ చోటి అక్షాంశం, రేఖాంశం దశాంశాలలో కనిపిస్తాయి. రెండు దశాంశ స్థానాలు చాలు; రెండవ స్థానంలో ఒక అంకె తేడా అంటే దాదాపు ఒక కిలోమీటరే. శంషాబాదు విమానాశ్రయం 17.24 ఉత్తరం, 78.43 తూర్పు, భువనేశ్వర్ విమానాశ్రయం 20.24 ఉత్తరం, 85.82 తూర్పు; విశాఖ 17.72 ఉత్తరం, 83.22 తూర్పు.

ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే ఎక్కడైనా సుమారు 111 కి.మీ. తూర్పు పడమరలుగా మాత్రం భూమధ్యరేఖ నుంచి దూరం జరిగేకొద్దీ డిగ్రీ కుదించుకుపోతుంది. 111ను ఆ అక్షాంశపు కోసైన్‌తో గుణించాలి. మన ప్రాంతం 18 నుంచి 20 డిగ్రీల మధ్య ఉన్నందున తూర్పు పడమరల డిగ్రీని 105 కి.మీ.గా తీసుకుంటే నిత్యావసరానికి సరిపోతుంది.

శంషాబాదు, భువనేశ్వర్‌ల మధ్య దూరాన్ని ఉదాహరణగా కడదాం. అక్షాంశాల తేడా 3.00 డిగ్రీలు, 111తో గుణిస్తే 333 కి.మీ. రేఖాంశాల తేడా 7.39 డిగ్రీలు; 105తో గుణిస్తే 776 కి.మీ. 333 వర్గం 1,10,889. 776 వర్గం 6,02,176. వాటి మొత్తం 7,13,065. దీని వర్గమూలం సుమారు 844. సూక్ష్మంగా కట్టినా 847 దగ్గర తేలుతుంది కాబట్టి 3 కి.మీ. తేడాతో ఇబ్బంది లేదు. అలా సూక్ష్మంగా కడితే శంషాబాదు నుంచి విశాఖ 511 కి.మీ., విశాఖ నుంచి బెంగళూరు సుమారు 776 కి.మీ. వస్తాయి.

భూమి గుండ్రంగా ఉన్నందున దూరప్రయాణాలకు ఈ చదును లెక్క చెల్లదని అంటారు. మాట నిజమే గానీ, మనవాళ్లు వెళ్లే దూరాలకు ఆ భయం అంతగా అక్కరలేదు. శంషాబాదు నుంచి దుబాయ్‌కి, రెండు చోట్ల అక్షాంశాల సగటుకు కోసైన్ తీసుకుని చదునుగా కడితే 2,551 కి.మీ. వస్తుంది, గోళం మీది అసలు దూరం 2,546 కి.మీ. అమెరికా, యూరప్‌ల దాకా వెళ్లేవారు మాత్రం గోళపు సూత్రాన్నే వాడాలి. దాని క్రమం ఇలా ఉంటుంది. అక్షాంశాల తేడాలో సగానికి సైన్ తీసి వర్గం చేయాలి. రేఖాంశాల తేడాలో సగానికి కూడా సైన్ తీసి వర్గం చేసి, ఆ వచ్చినదాన్ని రెండు అక్షాంశాల కోసైన్‌లతో గుణించాలి. రెండింటినీ కూడి, వర్గమూలం తీసి, దాని విలోమ సైన్‌ను రేడియన్లలో కనుక్కోవాలి. దాన్ని రెట్టింపు చేసి, భూమి సగటు వ్యాసార్ధమైన 6,371తో గుణిస్తే కిలోమీటర్లు వస్తాయి. చాలా ఫోన్లలో క్యాలిక్యులేటరును అడ్డంగా తిప్పితే సైన్, కోసైన్ మీటలు కనిపిస్తాయి.

విమానాన్ని అనుసరించే యాప్‌లలో దూరం నాటికల్ మైళ్లలో, వేగం నాట్లలో (గంటకు ఇన్ని నాటికల్ మైళ్లు అని) ఉంటుంది. ఏదైనా సరే 1.852తో గుణిస్తే కిలోమీటర్లలోకి మారుతుంది.

మూడవ మెట్టు: దూరం నుంచి సమయానికి

ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 రకం జెట్లు పైకి చేరాక గంటకు 830 కి.మీ. ప్రాంతంలో పోతాయి. అయినా దూరాన్ని నేరుగా 830తో భాగించకూడదు. విమానం గేటు వదిలి రన్‌వే దాకా దొర్లాలి, తన వంతు కోసం ఆగాలి, నెమ్మదిగా ఎక్కాలి, ముందుగానే దిగడం మొదలుపెట్టాలి, దిగాక మళ్లీ గేటు దాకా దొర్లాలి. దారి కూడా తిన్నని గీత కాదు. నిర్ణయించిన వాయుమార్గాల వెంట, రన్‌వే ఏ దిక్కుగా ఉంటే ఆ దిక్కుకు తిరిగి రావాలి. మన తీరంలో మరొక కారణం ఉంది. చాందీపూర్ క్షిపణి ప్రయోగ క్షేత్రం, గోపాల్‌పూర్ ఫైరింగ్ రేంజ్ వంటివి పనిచేసే వేళల్లో సముద్రం మీది ఆకాశంలో కొంత భాగాన్ని పౌరవిమానాలకు మూసివేస్తారు.

వీటన్నిటినీ కలుపుకొని నేను వాడే సూత్రం ఇది: కిలోమీటర్లను 800తో భాగించి, వచ్చిన సమయానికి 35 నిమిషాలు కలపాలి. శంషాబాదు–భువనేశ్వర్‌కు 847ను 800తో భాగిస్తే గంటా 4 నిమిషాలు; 35 కలిపితే గంటా 39 నిమిషాలు. శంషాబాదు–విశాఖకు 38, 35 కలిపి గంటా 13 నిమిషాలు. టికెట్ల మీద కనిపించే సమయాలు కూడా వీటికి అయిదు పది నిమిషాలు అటూఇటూగానే ఉంటాయి. రెక్కల మీద పంఖాలుండే ఏటీఆర్ 72 విమానమైతే వేగం గంటకు 500 కి.మీ. ప్రాంతంలోనే ఉంటుంది. దానికి 480తో భాగించి 25 నిమిషాలు కలిపితే విశాఖకు గంటన్నర అవుతుంది. కాబట్టి ఒకే దారిలో రెండు టికెట్ల మధ్య పావుగంట తేడా కనిపిస్తే విమానం రకం ఏమిటో చూడాలి.

టికెట్టు మీద రాసేది గేటు వదలినప్పటి నుంచి గేటు చేరేవరకు పట్టే కాలం. అందులో సంస్థలు కొంత వెసులుబాటును ముందే కలిపి ఉంచుతాయి. పది నిమిషాలు ఆలస్యంగా బయలుదేరి కూడా సమయానికే దిగడంలో అద్భుతమేమీ లేదు.

గాలి లెక్క కూడా తెలుసుకోవాలి. చలికాలంలో ఉత్తర భారతం మీదుగా పైఎత్తున పడమటి గాలులు బలంగా వీస్తాయి. పడమరకు వెళ్లే విమానానికి అవి ఎదురు, తూర్పుకు వచ్చేదానికి తోడు. భువనేశ్వర్–శంషాబాదు దారిలో గంటకు 100 కి.మీ. ఎదురుగాలి ఉందనుకుంటే 847ను 700తో భాగించాలి, అంటే గంటా 13 నిమిషాలు. అదే గాలి వెనక నుంచి తోస్తే 900తో భాగించాలి, అంటే 56 నిమిషాలు. రానుపోను సమయాలలో పదిహేడు నిమిషాల తేడా గాలి ఒక్కదాని వల్లనే వస్తుంది. వానాకాలంలో దక్షిణ భారతం మీద పైఎత్తు గాలులు తూర్పు నుంచి వీస్తాయి కనుక అక్కడ ఈ తేడా తలకిందులవుతుంది.

నాలుగవ మెట్టు: విమానాశ్రయం దాకా ఉన్న నేల

పటం మీది గీతకూ నేల మీది దారికీ ఉన్న తేడా మన జిల్లాల్లో ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంటుంది. బరంపురం నుంచి భువనేశ్వర్‌కు గీత 150 కి.మీ. అయితే, చిలికా సరస్సు పడమటి ఒడ్డున రంభ, బాలుగాం మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 170 కి.మీ. అవుతుంది. అంటే సుమారు ఎనిమిదో వంతు మాత్రమే ఎక్కువ. జయపురం నుంచి విశాఖకు గీత 147 కి.మీ. అయితే, ఘాట్ రోడ్డు మీద 220 కి.మీ. దాటుతుంది, సగానికి సగం ఎక్కువ. ఘాట్‌లో వంద కిలోమీటర్లు గడవడానికి పట్టే సమయం తీరపు రహదారి మీద కంటే చాలా ఎక్కువ కాబట్టి, కిలోమీటర్లను నమ్ముకుని లెక్కకట్టిన కోరాపుట్‌వాసి మోసపోతాడు. తీరపు రహదారి మీద గంటకు 55 కి.మీ., ఘాట్ ఉన్న దారిలో గంటకు 35 నుంచి 40 కి.మీ. అనుకోవడం క్షేమం. రాత్రివేళ, వానవేళ ఘాట్‌కు మరో గంట చేర్చాలి.

ఇప్పుడు బరంపురం నుంచి హైదరాబాదులోని కూకట్‌పల్లికి గడప నుంచి గడపకు కడదాం. భువనేశ్వర్ మీదుగా అయితే విమానాశ్రయానికి కారులో మూడుంబావు గంటలు. విమానానికి గంటన్నర ముందు చేరడం. విమానంలో గంటా నలభై నిమిషాలు. సామాను బెల్టు దగ్గర అరగంట. శంషాబాదు నుంచి కూకట్‌పల్లికి గంటంబావు. మొత్తం ఎనిమిది గంటల పది నిమిషాలు. అందులో విమానం వాటా అయిదో వంతే. విశాఖ మీదుగా వెళితే విమానం పాతిక నిమిషాలు తగ్గుతుంది గానీ, రోడ్డు 260 కి.మీ. దాటి అయిదు గంటలు పడుతుంది. మొత్తం తొమ్మిదిన్నర గంటలు. కనుక బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వారికి భువనేశ్వరే సరైనది. గగనదూరం తక్కువ కదా అని విశాఖను ఎంచుకోవడం దండగ.

బరంపురం వారు కోణార్క్, ఫలక్‌నుమా వంటి రైళ్లను కూడా ఈ లెక్క పక్కనే పెట్టి చూడాలి. సాయంత్రం ఎక్కితే 15 గంటల అటూఇటూగా మరుసటి ఉదయం సికింద్రాబాదులో దిగవచ్చు. గడియారం ప్రకారం విమానానికి దాదాపు రెట్టింపు. అయితే అందులో చాలా భాగం నిద్రలో గడిచిపోతుంది, పగలు మిగులుతుంది. పెద్దవారితో, పెళ్లి సామానుతో వెళ్లేవారికి నా ఓటు రైలుకే.

పర్లాకిమిడి వారి లెక్క దీనికి ఎదురుగా ఉంటుంది. శ్రీకాకుళం మీదుగా విశాఖ 160, 170 కి.మీ. ఉంటే, భువనేశ్వర్ మూడు వందల కి.మీ.కు దగ్గర పడుతుంది. రాయగడకు సందేహమే లేదు. విజయనగరం మీదుగా విశాఖకు రైలుమార్గం 200 కి.మీ. పైచిలుకు, ఆ రైలు దిగి విశాఖ నుంచి బెంగళూరు విమానం అందుకుంటే గాలిలో గంటా 33 నిమిషాలు అనుకోవచ్చు. గుణుపురం కూడా విశాఖ వైపే మొగ్గుతుంది.

జయపురం, కోరాపుట్‌ల కోసం విడిగా చెప్పాలి. చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం కింద 2022లో జయపురం నుంచి తొమ్మిది సీట్ల సెస్నా క్యారవాన్ విమానాలు మొదలయ్యాయి. ఆ చిన్న విమానం వేగాన్ని గంటకు 300 కి.మీ.గా తీసుకుని, 15 నుంచి 20 నిమిషాలు కలపాలి. విశాఖకు 147 కి.మీ. అంటే ముక్కాలు గంట నుంచి 50 నిమిషాలు. భువనేశ్వర్‌కు 374 కి.మీ. అంటే గంటన్నర. ఘాట్‌లో అయిదారు గంటల దారి ముక్కాలు గంటకు దిగిరావడం తక్కువ సంగతి కాదు. కాకపోతే క్యారవాన్ తక్కువ ఎత్తున ఎగిరే విమానం, చుట్టూ కొండలు. మబ్బు కమ్మినా మంచు పట్టినా ప్రయాణం వాయిదా పడవచ్చు. సీట్లు తొమ్మిదే కనుక, రద్దయితే మరునాటి విమానంలో చోటు దొరుకుతుందన్న ధీమా కూడా ఉండదు. దాని నుంచి దిగిన వెంటనే మరో పెద్ద విమానం ఎక్కేలా టికెట్టు తీసుకోకుండా, మధ్యలో ఒక రాత్రి ఉంచుకోవాలి. సర్వీసు ఆ వారంలో నడుస్తున్నదో లేదో బయలుదేరే ముందు సరిచూసుకోవాలి కూడా.

అయిదవ మెట్టు: గడియారాన్ని వెనక్కి తిప్పి కట్టడం

బయలుదేరే వేళను నిర్ణయించడానికి విమానం వేళ నుంచి వెనక్కి రావాలి. దేశీయ విమానాలకు చెక్‌ఇన్ కౌంటరును సాధారణంగా 60 నిమిషాల ముందు, బోర్డింగ్ గేటును 25 నిమిషాల ముందు మూసేస్తారు. మీ సంస్థ గడువు ఎంతో టికెట్టు మీదే ఉంటుంది. కౌంటరులో వేయవలసిన సామాను ఉంటే ఒక గడువు, చేతిసంచి మాత్రమే ఉంటే మరొకటి అని గుర్తుంచుకోవాలి. ఉదయం 6 గంటలకు భువనేశ్వర్‌లో విమానం ఉందనుకోండి. నాలుగున్నరకు అక్కడ ఉండాలంటే, మూడుంబావు గంటల దారికి అరగంట వెసులుబాటు కలిపి, బరంపురంలో అర్ధరాత్రి 12:45కి కారు కదలాలి. డ్రైవరు నిద్రమత్తుతో నడపవలసిన వేళ అది. ముందురోజు సాయంత్రం రైలులో వెళ్లి భువనేశ్వర్‌లో పడుకోవడం, లేదా పదకొండు తరువాతి విమానం తీసుకోవడం మేలు. నాలుగు వందల రూపాయలు తక్కువని తెల్లవారుజాము టికెట్టు కొని, దానికి హోటలు ఖర్చు కలపని వారు చాలామంది ఉంటారు.

రెండు విమానాలు మారవలసి వస్తే రెండూ ఒకే టికెట్టు మీద ఉండేలా కొనాలి. విడివిడిగా కొంటే, మొదటిది ఆలస్యమై రెండవది తప్పినప్పుడు రెండవ సంస్థ బాధ్యత వహించదు. సామానును కూడా మధ్యలో తీసుకుని మళ్లీ వేయవలసి ఉంటుంది.

గల్ఫ్‌కు వెళ్లేవారి టికెట్టు

టికెట్టు మీది వేళలు ఏ ఊరివి ఆ ఊరి గడియారం ప్రకారం ఉంటాయి. దేశంలో ఒకే సమయం కనుక చేరే వేళలోంచి బయలుదేరే వేళను తీసివేస్తే చాలు. దుబాయ్ గడియారం మనకంటే గంటన్నర వెనక ఉంటుంది. శంషాబాదులో ఉదయం 10:00కి బయలుదేరి మధ్యాహ్నం 12:25కి దుబాయ్‌లో దిగుతుందని రాసి ఉందనుకుంటే, చూడటానికి రెండు గంటల 25 నిమిషాలు. గంటన్నర కలిపితే అసలు ప్రయాణం మూడు గంటల 55 నిమిషాలు. తిరుగుప్రయాణంలో రాత్రి 10:00కి అక్కడ ఎక్కి తెల్లవారి 3:00కి దిగుతుందంటే, అయిదు గంటలలోంచి గంటన్నర తీసివేయాలి. అసలు ప్రయాణం మూడున్నర గంటలే. అర్ధరాత్రి దాటాక దిగే టికెట్టులో తేదీ మారుతుంది. ఎదురు రావలసిన బంధువులకు ఆ మారిన తేదీని చెప్పకపోతే వారు ఒకరోజు ముందే వచ్చి నిలబడతారు.

రుతువును బట్టి ఇవ్వవలసిన వెసులుబాటు

అక్టోబరు మన తీరానికి గండకాలం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయాన్నే దెబ్బతీయడంతో అక్కడ కొన్ని రోజుల పాటు విమానాలు నిలిచిపోయాయి. 2018 అక్టోబరులో తిత్లీ గజపతి, శ్రీకాకుళం జిల్లాల రోడ్లను తెంచివేసింది. వేసవిలోనూ భయం లేకపోలేదు. 2019 మే 3న పూరీ దగ్గర ఫణి తీరం దాటిన వేళ భువనేశ్వర్ విమానాశ్రయాన్ని మూసివేశారు. అందువల్ల అక్టోబరు, నవంబరు నెలల్లో వీసా ఇంటర్వ్యూ, పరీక్ష, ఆపరేషన్ వంటి తప్పనిసరి పనికి వెళ్లేవారు ఒకరోజు ముందే గమ్యానికి చేరేలా చూసుకోవాలి. డిసెంబరు, జనవరిలో పొగమంచు వల్ల ఉదయపు విమానాలు ఆలస్యం కావచ్చు కనుక మధ్యాహ్నపు విమానం నయం.

తిరుగుప్రయాణంలో ఈ లెక్కనంతా మరొకసారి కట్టాలి, ఎందుకంటే అది వెళ్లినప్పటి లెక్కకు అద్దంలో బొమ్మ కాదు. విశాఖలో రాత్రి తొమ్మిది దాటి దిగే విమానం తీసుకుంటే, సామాను చేతికి వచ్చేసరికి పది కావస్తుంది. ఆ వేళ రాయగడకు రైలు ఉందో లేదో, సాలూరు ఘాట్‌లో బండి నడపడానికి డ్రైవరు ఒప్పుకుంటాడో లేదో టికెట్టు కొనక ముందే అడిగి తెలుసుకోవాలి. లేదంటే ఆ రాత్రికి విశాఖలో బస ఖర్చును కూడా విమానం ఖర్చులోనే రాసుకోవాలి.